గాజు ముక్కు

దీనమ్మ గరిటెలో కాస్త నువ్వుల నూనె పోసి మంట మీద పట్టుకుంది. గోరువెచ్చన కాగానే పొయ్యి కట్టేసి, కింద కూర్చుని, చిటికెనవేలు నూనెలో ముంచి తల వెనక్కి వాల్చింది. ఎడమ ముక్కులో రెండు చుక్కలు, కుడి ముక్కులో రెండు చుక్కలు. ఆ తర్వాత కళ్లు మూసుకుని గోడకు ఆనుకుంది. నూనె లోపలంతా పాకాలి. అప్పుడే మిరపకాయల ఘాటు మనిషిని పట్టుకోదు. మిర్చి యార్డులో తొడిమలు తీయడానికి వెళ్లే ఆడవాళ్లు ఆ వీధిలో ఎంతమంది ఉన్నారో, అంతమందీ పొద్దున్నే ఈ పని చేసే బయలుదేరతారు. వాళ్ల అమ్మలూ ఇలాగే చేశారు.

కూతురు సువార్త గుమ్మం దగ్గర కూర్చుని క్యారేజీ గిన్నెలు తుడుస్తోంది. రెండో పొయ్యి మీద పాలు పొంగి, అంచు దాటి మంట మీద పడ్డాయి. మాడు వాసన గుప్పున లేచి గదంతా నిండింది. దీనమ్మకూ ఆ పొయ్యికీ మధ్య రెండు మూరల దూరం లేదు.

ఆమె కళ్లు తెరవలేదు.

సువార్త వెంటనే లేవలేదు. ఏదైనా జరుగుతుంటే ముందు చివరిదాకా చూడటం, ఆ తర్వాతే నోరు విప్పడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. తల్లి ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు. చాలాసేపటికి దీనమ్మే అడిగింది.

"పాలు కాగినయ్యేమో చూడవే."

"మాడిపోయినయ్యమ్మా."

"మరి చెప్పొద్దా? ఎదురుగా కూర్చుని చూస్తా ఉంది బొమ్మలాగా."

"నీకు వాసన రాలేదా?"

"జలుబు చేసింది."

"ఎప్పటి నుంచి?"

"డాక్టరమ్మ దగ్గర పనికి కుదిరితే నువ్వూ డాక్టరమ్మవైపోయావా ఏంది? లే, ఆటో వచ్చే టైమయింది."

జలుబు కాదని సువార్తకు తెలుసు. మూడు నెలలుగా తల్లికి జలుబు లేదు. తలపోటు లేదు, కళ్ల కింద వాపు లేదు. సువార్త పనిచేసే ప్రయోగశాల సాధించింది అదే.

సువార్త మాడిన గిన్నెను నీళ్లలో నానబెట్టి, తన క్యారేజీ మూత తీసి చారు వాసన చూసింది. ఇంగువ తగిలింది. తన ముక్కు బాగానే ఉందని అప్పటికి ఆమెకు ఊపిరి ఆడింది.

ప్రయోగశాల ఊరి చివర ఒక కాలేజీ వెనక భవనంలో ఉంది. అక్కడ సువార్త పని రెండు గాజు ముక్కులను కనిపెట్టుకుని ఉండటం. చూడటానికి అవి నిలువునా కోసిన శంఖాల్లా ఉంటాయి. మనిషి ముక్కు ఎంతో అవీ అంతే. గాజు లోపల సజీవ కణాలతో పెంచిన పొర, ఆ పొర మీద కంటికి కనిపించని సన్నని నూగు. ఆ నూగు వరిచేలో గాలి వాలినట్టు ఒకవైపే వాలుతూ, తడిని మెల్లగా గొంతు వైపు నెడుతుంది. పక్కన బుగ్గ ఎముక ఉండే చోట, నుదురు ఉండే చోట చిన్న చిన్న గదులు. ఒక్కో గదికి సూది బెజ్జమంత ద్వారం. నిమిషానికి పదిహేనుసార్లు ఒక పంపు ఆ ముక్కులతో గాలి పీల్పిస్తుంది. ముక్కు గుమ్మం దగ్గర చల్లగా, లోపలికి పోయేకొద్దీ వెచ్చగా ఉండాలి. ఏ డిగ్రీ తప్పినా సువార్త పుస్తకంలో రాయాలి.

ఆ చిన్న ద్వారాలు వాచి మూసుకుపోతే ఏమవుతుందో ఆమె ఇక్కడికి రాకముందే చూసింది. లోపలి గాలి అయిపోతుంది. తడి కదలకుండా నిలిచిపోతుంది. వెచ్చని చీకట్లో, గాలి అక్కర్లేని క్రిములకు అంతకంటే మంచి చోటు దొరకదు. కాయలు మార్కెట్టుకు వచ్చే నాలుగు నెలలూ ఆ వీధి ఆడవాళ్లు నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని తిరిగేవారు. పక్కింటి సంతోషం వాళ్ల అక్కకు బుగ్గలో పట్టిన చీము కంటిదాకా పాకింది. ఆ కన్ను తీసేశారు.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ విశాలాక్షి పదేళ్లు కష్టపడి ఒక కొత్త క్రిమిని తయారు చేసింది. దానికి కాపలా అని పేరు పెట్టింది. చుక్కల మందులా ముక్కులో వేస్తే గుమ్మంలోనే కాపురం పెడుతుంది. అక్కడి చర్మం మీద ఉండే కాస్త జిడ్డును తిని ఒక ఆమ్లాన్ని వదులుతుంది. చీము పట్టించే క్రిములు ఆ ఆమ్లానికి చస్తాయి. మూడు నెలల కింద ఆమె ఆ వీధికి వచ్చి, చర్చి పక్కనున్న పాకలో పన్నెండుమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి ఇదంతా చెప్పింది.

"మరి అది లోపలికి పోయి పిల్లల్ని పెడితేనో?" అని అడిగింది సంతోషం.

"పోదమ్మా. లోపల దానికి తిండి దొరకదు. జిడ్డు ఉన్నచోటే బతుకుతుంది. ఆకలే దానికి కంచె."

"మా ఆయన కంటే నయం. ఆకలేస్తే ఆయన ఏ కంచె అయినా దూకుతాడు."

పాకంతా నవ్వింది. విశాలాక్షి కూడా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే సువార్త ఫారాలు నింపడం మొదలుపెట్టింది. ఏడో ప్రశ్న: ముక్కులో ఏవైనా మందులు వాడుతున్నారా? మొదటి ఫారం తల్లిదే. "మందులేం లేవు" అంది దీనమ్మ. సువార్త కలం ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత లేదు అని రాసింది. పన్నెండు ఫారాల్లోనూ అదే రాసింది. ఆ సాయంత్రమే పన్నెండుమందికీ చుక్కలు వేశారు.

ఆ ఆగిన క్షణాన్ని ఆమె మళ్లీ తలుచుకోలేదు. వచ్చే సోమవారం చుట్టుపక్కల ఊళ్ల నుంచి మూడు వందలమంది ఆడవాళ్లు చుక్కలు వేయించుకోవడానికి వస్తున్నారు. వాహనాలు కూడా మాట్లాడేశారు. ఆ హడావుడిలోనే ఉంది ఆమె.

మాడిన పాల మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం, నెలనెలా ఆ ఆడవాళ్ల ముక్కు గుమ్మంలోంచి తీసే నమూనాల కోసం దూదిపుల్లల డబ్బా పట్టుకుని సువార్త యార్డుకు వెళ్లింది. ఎర్రటి రాశులు ఎండలో మండుతున్నట్టున్నాయి. మేస్త్రీ కోటిలింగం కాయలు దట్టించిన ఒక టిక్కీ బస్తా మూతి విప్పించి దీనమ్మను పిలిచాడు. ఆ యార్డులో దీనమ్మ ముక్కుకు పేరుంది. పైకి నిగనిగలాడే బస్తాలోకి మోచేయి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి, ఒక్కసారి పీల్చి, లోపల బూజుందనో లేదనో చెప్పేది. కోసి చూస్తే ఆమె మాటే నిజమయ్యేది. పెద్ద పెద్ద వ్యాపారులు ఆమె కోసం ఆగేవారు.

ఇవాళా గుప్పెడు తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత సువార్త ఎప్పుడూ చూడని పని ఒకటి చేసింది. కాయలను చెవి దగ్గర మెల్లగా ఆడించి గింజల చప్పుడు విన్నది. సంతోషం వైపు చూసింది. సంతోషం నేల చూపులు చూసింది.

"బానే ఉంది" అంది దీనమ్మ.

నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డ సువార్తకు అప్పటికే వాసన కొడుతోంది. వానకు తడిసి మూల పడేసిన గోనెసంచి వాసన. కోటిలింగం టిక్కీని అడ్డంగా కోయించాడు. నడుమన కాయలు బూడిదరంగు నూగుతో ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

"ఏంది దీనమ్మా, మనసు యాడ పెట్టావు?"

"అల్లుణ్ణి వెతుక్కుంటందిలే" అన్నారెవరో.

అందరితోపాటు దీనమ్మా నవ్వింది. చేతిలోని కాయలు మాత్రం పడేయకుండా పిడికిట్లోనే నలిపేసింది.

నమూనా తీసే వంకతో సువార్త సంతోషాన్ని రేకుల షెడ్డు నీడకు తీసుకెళ్లింది.

"అమ్మకు వాసన తెలియట్లేదు కదా పిన్నీ?"

సంతోషం అటూ ఇటూ చూసింది. "నీ కళ్లు చల్లగుండ, అన్నీ చూస్తావు గానీ ఏదీ అడగవు. ఇయ్యాల అడిగావు. మీ అమ్మకే కాదే. నాకూ అంతే. మొన్న పులుసు పాచిపోతే తెలవక పెట్టా. మా ఆయన, ఏందే, చంపి ఇంకోణ్ణి కట్టుకుందామనా అన్నాడు."

"ఎంతమందికి?"

"చెప్పినోళ్లు ఏడుగురు. చెప్పనోళ్ల సంగతి దేవుడికి తెలుసు."

"మరి మేడమ్ వచ్చినప్పుడు ఎవరూ అనలేదే?"

"మీ అమ్మే వద్దంది. నీ ఉద్యోగం పోద్దంట."

సంతోషం బొడ్డులోంచి చిన్న సీసా తీసింది. అన్నాలయ్యాక మళ్లీ రాశుల దగ్గర కూర్చోవాలి. వేలు ముంచి, తల వెనక్కి వాల్చి, ఒక ముక్కులో రెండు చుక్కలు, ఇంకో ముక్కులో రెండు చుక్కలు వేసుకుంది. ఎండకు ఆమె ముక్కుపుటాల అంచున నూనె మెరిసింది.

జిడ్డు ఉన్నచోటే బతుకుతుంది.

డాక్టర్ మాట అది. సువార్త ఆ మెరుపునే చూస్తూ నిలబడింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న నూనె. రోజూ తన కళ్ల ముందే గరిటెలో కాగుతున్న నూనె.

ఆ సాయంత్రం ఆమె నువ్వుల నూనెను ప్రయోగశాలలో గోరువెచ్చగా చేసింది. రెండు గాజు ముక్కుల్లోనూ కాపలాను వేసింది. ఒకదాన్ని మామూలుగానే ఉంచింది. రెండోదాన్ని తల్లి తల వాల్చినంత వెనక్కి వాల్చి నూనె రెండు చుక్కలు వేసింది. శనివారం పొద్దునా మధ్యాహ్నమూ కూడా అలాగే వేసింది. కాపలా ఎక్కడుందో తెలియడానికి దానికి గులాబీ రంగు పుట్టించారు. శనివారం సాయంత్రానికి రెండోదాంట్లో రంగు గుమ్మం దాటింది. ఇల్లు చేరాక సువార్త ఆ సంగతి చెప్పలేదు. సబ్బు వాసన చూసింది, కిరోసిన్ డబ్బా వాసన చూసింది, తలదిండు వాసన చూసింది. మధ్యమధ్యలో తల్లి ముఖం చూసింది.

ఆదివారం ఉదయం మొదటి ముక్కులో గుమ్మం దగ్గర గోరింటాకు గీతంత రంగు, అంతే. రెండోదాంట్లో నూనె పాకిన దారంతా గులాబీ. అది ముక్కు లోపలి పైకప్పు దాకా ఎక్కి ఉంది. అక్కడ తపాలా బిళ్ల కంటే కాస్త పెద్ద చోటు ఒకటి ఉంటుంది. లోకంలోని వాసనలన్నీ మనిషికి తెలిసేది అక్కడే. ఆ చోట పొర తెల్లగా పాలిపోయి ఉంది. నూగు వాలడం లేదు. సువార్త ఆమ్లాన్ని చూపే కాగితం ముక్క తాకించింది. చీము క్రిములను చంపే ఆ ఆమ్లమే, గుమ్మంలో కావలసినదానికి ఎన్నో రెట్లు, అక్కడ ఊరుతోంది.

ఫోన్ చేసిన అరగంటలో విశాలాక్షి వచ్చింది. తలంటుకున్న జుట్టు ఇంకా ఆరలేదు. గాజు ముక్కు ముందు వంగి చాలాసేపు చూసింది.

"నూనె సంగతి నీకెలా తట్టింది?"

"తట్టలేదు మేడమ్. నాకు ముందు నుంచీ తెలుసు. మా వీధిలో అందరూ రోజూ వేసుకుంటారు."

విశాలాక్షి బీరువా తీసి ఫారాలు బల్ల మీద పరిచింది.

"ఈ రాత నీదే."

"అవును మేడమ్."

"పన్నెండింటిలోనూ లేదు అని రాశావు."

"మందుల గురించి అడిగారు మేడమ్. వాళ్లకు నూనె మందు కాదు. మొహం కడుక్కోవడం లాంటిది."

"అది వాళ్ల సంగతి. నీ సంగతి అడుగుతున్నాను."

సువార్త తల వంచుకుంది. ఇక్కడికి ఇంటర్వ్యూకి వచ్చిన రోజు ఆమె యార్డు నుంచి నేరుగా వచ్చింది. తల్లికి సాయం చేసి, ముక్కులో నూనెతోనే. బయట కుర్చీలో కూర్చున్న ఒక అమ్మాయి కాగితం రుమాలు అందించి, ముక్కు కారుతోంది తుడుచుకోమంది. అది చీమిడి కాదని చెప్పలేకపోయింది. ఆ రోజు నుంచి సువార్త నూనె మానేసింది. ఆ మాట ఈ భవనంలో ఎవరి నోటా రాకుండా చూసుకుంది.

"సిగ్గేసింది మేడమ్" అంది.

విశాలాక్షి కోప్పడుతుందని సువార్త ఎదురు చూసింది. డాక్టర్ మాత్రం కుర్చీలో కూలబడి తడి జుట్టు ముడి వేసుకుంది, విప్పింది, మళ్లీ వేసుకుంది.

"మీ వీధికి నేను ఎన్నిసార్లు వచ్చానో గుర్తుందా?"

"చాలాసార్లు."

"ప్రతిసారీ సాయంత్రమే వచ్చాను. స్నానాలు చేసి, పూలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఒక్క పొద్దున అయినా వచ్చి ఉంటే నాకు కనిపించేది." ఆమె ఫోన్ తీసింది. "నేను విశాలాక్షిని. రేపు బండ్లు వద్దు... లేదు, వాయిదా కాదు. ఆపేస్తున్నాం. ఎందుకో నేనే వచ్చి చెప్తాను."

ఫోన్ పెట్టాక కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడింది. నలభై రోజులు ముక్కులో నూనె చుక్క పడకపోతే లోపలి కాపలా ఆకలికి చస్తుంది. కాలిపోయిన చోట వాసన కణాలు మళ్లీ మొలవొచ్చు.

"మొలుస్తాయా మేడమ్?"

"కొందరికి మొలుస్తాయి. ఎంతమందికో నాకు తెలియదు. తెలిసినట్టు నీకు అబద్ధం చెప్పలేను."

"నూనె లేకుండా వాళ్లు యార్డులో కూర్చోలేరు మేడమ్. కాయ ఇంకా వస్తూనే ఉంది."

"తెలుసు. నా చేతనయింది నేను చూస్తాను. ముందు వాళ్లకు ఈ మాట చెప్పాలి. ఎవరు చెప్పాలి?"

"అమ్మకు నేనే చెప్తాను."

"నువ్వు రేపటి నుంచి..." అని ఆగింది విశాలాక్షి. సువార్త ఫారాలు సర్ది బీరువాలో పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దీనమ్మ చర్చి నుంచి వచ్చి, తెల్ల చీర మార్చకుండానే ముందు గదిలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పక్కన మూత పెట్టిన గిన్నెలో సువార్తకు అన్నం ఉంది.

"ఆదివారం కూడా పనేనా? మీ డాక్టరమ్మకు దేవుడు లేడా?"

సువార్త ఎదురుగా కూర్చుంది. దారంతా కూర్చుకున్న మాటలన్నీ పోయి, ఒక్కటే మిగిలింది.

"నీకు వాసన పోయింది నా వల్లేనమ్మా."

చేట ఆగింది. సువార్త చెప్పింది. నూనె గురించి, గులాబీ రంగు గురించి, పైకప్పు దాకా ఎక్కిన దారి గురించి, నలభై రోజుల గురించి చెప్పింది. మొలిస్తే మొలవొచ్చు అన్నది కూడా దాచలేదు. అంతా అయ్యాక దీనమ్మ ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"కాగితంలో నూనె సంగతి రాసుంటే, ముందే ఆపేవోళ్లా?"

"ఆపేవాళ్లు."

"నీకు తెలుసు. రోజూ చూస్తానే ఉంటివి."

"తెలుసమ్మా."

"మరెందుకు రాయలా?"

సువార్త జవాబు చెప్పబోయింది. తల్లి చిటికెనవేలి మీద చూపు పడింది. ఎన్నేళ్లుగానో నూనె పట్టి ఆ వేలి కొస ఒక్కటే నున్నగా మెరుస్తుంది.

"సిగ్గేసింది."

దీనమ్మ తలూపింది. ఏదో లెక్క కుదిరినట్టు, మెల్లగా. "నాకు తెలిసి రెండు నెలలయింది. కొత్త నూనె వేసుకున్నా, మక్కిన నూనె వేసుకున్నా ఒకటే అనిపించేది. నీ మందు వల్లేనేమోనని అనుమానం వచ్చింది. పైకి చెప్తే నీ పేరు చెడిపోద్దని అనలా." ఇంకో రాయి ఏరింది. "ఆళ్లు పదకొండుమందికీ నేనే చెప్పా. మా అమ్మాయి చూస్తన్న మందు, కళ్లు మూసుకుని వేయించుకోండని. సంతోషం రానంటే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చా."

"నేను వస్తానమ్మా. నేనే చెప్తాను అందరికీ."

"లాక్కొచ్చింది నేను. చెప్పాల్సిందీ నేనే" అని దీనమ్మ చేట పక్కన పెట్టి లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. వంటగదిలోకి వెళ్లి నూనె సీసా తీసింది. పొద్దున్నే రేపటి కోసం నింపి పెట్టుకున్న సీసా అది. మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. గట్టిగా పీల్చింది. కొంచెం ఆగి మళ్లీ పీల్చింది. గుమ్మం దగ్గర ఉన్న సువార్తకు కమ్మటి నువ్వుల వాసన తెలుస్తూనే ఉంది. తల్లి ముఖంలో ఏమైనా కదులుతుందేమోనని చూసింది.

దీనమ్మ మూత బిగించింది. కూతురి పక్కనుంచే నడిచి, చెప్పులు వేసుకుని, సీసా చేత్తో పట్టుకునే మెట్లు దిగింది. రోడ్డు వైపు తిరగలేదు. ఎడమకు తిరిగి, సంతోషం ఇంటి వైపు నడిచింది.